శ్రీవల్లి... కానీ సినిమా శ్రీవల్లి కాదు!

"శ్రీవల్లి తెలుసా?" అని ఎవర్నయినా అడిగి చూడండి!

మొన్నామధ్య అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో చాయ్ తాగుతూ నేనదే అడిగాను. పక్కన నలుగురు కుర్రాళ్లు. అప్పుడే ఏదో కోచింగ్ క్లాసు నుంచి బయటపడ్డవాళ్లు. నా ప్రశ్న పూర్తి కాలేదు, అందులో ఒకడు చెప్పు జారిపోయినట్టు కాలీడ్చుకుంటూ స్టెప్పు వేసేశాడు. మిగతా ముగ్గురూ ఈలలు!

"సరే బాబూ, రష్మిక తెలుసా?"

"ఏందన్నా, రెండూ ఒక్కటే కదన్నా!" అన్నాడు స్టెప్పు వేసినవాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

రెండూ ఒకటే, నిజమే. కానీ మనిషి మాత్రం ఆవిడ కాదు! నేనడిగింది భమిడిపాటి శ్రీవల్లి రష్మిక గురించి. హైదరాబాద్ అమ్మాయి. చేతిలో టెన్నిస్ రాకెట్ ఉంటుంది. 'పుష్ప' విడుదలైంది 2021 డిసెంబరు 17న. అందులో కథానాయిక పేరు శ్రీవల్లి, వేసిన తార రష్మిక మందన్న. మన టెన్నిస్ అమ్మాయి 2001లో పుట్టింది. అంటే వెండితెర శ్రీవల్లి పుట్టకముందు నుంచే ఈ శ్రీవల్లి ఉంది. అయినా సెల్‌ఫోన్‌లో ఆమె పేరు కొట్టి చూడండి, ముందుగా పాటే మోగుతుంది!

ఈ చిత్రమైన కష్టం సరే. ఇంతకంటే పెద్ద కష్టం ఇంకొకటుంది. ఆమె గురించి విన్న నలుగురూ వెంటనే అడిగే ప్రశ్న... "సానియా అంతటిది అవుతుందా?"

మరో సావిత్రి... మరో సానియా

ఈ జబ్బు మనకు కొత్తేమీ కాదు. చిత్రసీమలో కాస్త కళ్లున్న అమ్మాయి కనబడితే చాలు, "మరో సావిత్రి" అనేస్తాం. పాపం ఆ అమ్మాయి రెండో సినిమా విడుదల కాకముందే బిరుదు మొదలు, మూడోది ఆడకపోతే బిరుదు రద్దు. అసలు సావిత్రి సంగతి ఎవరికీ గుర్తుండదు. 1951లో 'పాతాళభైరవి'లో ఆమెకి దొరికింది ఒక నృత్యం. 'దేవదాసు'లో పార్వతి అయింది 1953లో. ఆ మధ్యకాలంలో ఆమెను చూసి "మరో ఫలానా" అనాలంటే ఎవరితో పోల్చేవాళ్లం?

టెన్నిస్‌లోనూ అంతే. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి జూనియర్స్‌లో నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే "మరో సానియా". నేను కూడా రాశాను. దాచుకోవడం దేనికి? ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు అసలు సానియా సంగతి చూద్దాం.

మొదటిసారి ఓటమి, రెండోసారీ ఓటమే!

సానియా మీర్జా అనగానే మనకి గుర్తొచ్చేది ముక్కుపుడక, ఉరుములాంటి ఫోర్‌హ్యాండ్, 2005. ఆ సంవత్సరం నాకు పద్నాలుగేళ్లు. ఫిబ్రవరి 12, శనివారం. ఆ సాయంత్రం పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఒక టీవీల షాపు అద్దాల బయట గుంపు. లోపల వరసగా పేర్చిన టీవీలన్నిట్లోనూ వార్తలు. అన్నిట్లోనూ ఒకే అమ్మాయి! మన ఊళ్లోనే, మన ఎల్బీ స్టేడియం ఆవరణలోనే జరిగిన హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండారెంకో మీద 6-4, 5-7, 6-3తో గెలిచింది సానియా. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ! క్రికెట్ తప్ప ఇంకో ఆట కోసం పంజాగుట్టలో జనం ఫుట్‌పాత్ మీద ఆగిపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. నా పక్కనున్న పెద్దాయనకి 'డ్యూస్' అంటే ఏమిటో తెలీదు. చప్పట్లు మాత్రం అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఈ సీను అందరికీ తెలుసు. దీని ముందు రెండు రీళ్లు ఎవరూ చూడలేదు!

అదే హైదరాబాద్ ఓపెన్ 2003లో జరిగింది. సానియాకి వైల్డ్‌కార్డ్ ఇచ్చారు. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. 2004లో మళ్లీ ఇచ్చారు. మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఆస్ట్రేలియా సీనియర్ నికోల్ ప్రాట్ చేతిలో ఓడిపోయింది. ఆ ఏడు డబుల్స్‌లో మాత్రం లీజల్ హ్యూబర్‌తో కలిసి టైటిల్ అందుకుంది. మూడో ఏడు సింగిల్స్ కిరీటం. చూశారా! ఓటమి, ఓటమి, గెలుపు. మూడూ సొంతూళ్లోనే. ఇంటి భోజనం తిని, సొంత మంచం మీద పడుకుని, తెలిసినవాళ్ల మధ్య ఆడిన మ్యాచ్‌లు.

వైల్డ్‌కార్డ్ అంటే తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క. ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు నేరుగా మెయిన్ డ్రాలో ఇచ్చే చోటు అది. సినిమా భాషలో చెప్పాలంటే ఆడిషన్ లేకుండా ఇచ్చే వేషం. వేషం ఇవ్వడం వరకే వాళ్ల చేతిలో ఉంటుంది, నటించాల్సింది మనమే. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కీ సానియా వైల్డ్‌కార్డ్‌తోనే వెళ్లింది. మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. హైదరాబాద్ టైటిల్‌తో ప్రపంచంలో తొలి వందమందిలో చేరింది. వెంటనే దుబాయ్‌లో అప్పటి యు.ఎస్. ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాని ఓడించింది. సెప్టెంబరుకల్లా యు.ఎస్. ఓపెన్ నాలుగో రౌండ్. 2007 ఆగస్టులో 27వ ర్యాంకు!

ఇంకో సంగతి చెబితే మీరు నమ్మరు. ఇరవై ఏళ్ల కెరీర్‌లో సానియా గెలిచిన డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఒకే ఒక్కటి. అది హైదరాబాద్‌దే!

తర్వాత ఆ టోర్నమెంట్ మన ఊరి నుంచి వెళ్లిపోయింది. 2005దే ఆఖరు. అంటే సానియా ఎక్కిన మెట్టు, సానియా ఎక్కగానే తీసేసినట్టయింది. ఆ తర్వాత పుట్టుకొచ్చిన అమ్మాయిలకు ఆ మెట్టు లేదు.

చిన్న వేషాల కాలం

ఇక ఈ పక్క చూడండి. శ్రీవల్లి 2001లో పుట్టిందని చెప్పానుగా. పద్దెనిమిదేళ్ల వయసులో సానియా ఎక్కడుందో చూశాం. మరి శ్రీవల్లికి పద్దెనిమిది నిండి ఏడాది తిరక్కముందే ఏం జరిగింది? 2020! మార్చి నుంచి ఆగస్టు దాకా ప్రపంచ టెన్నిస్ మొత్తం తాళం వేసుకుంది. వింబుల్డన్‌నే ఆ ఏడు రద్దు చేశారు. మెట్లెక్కాల్సిన వయసులో మెట్లకే తాళం!

సరే, తాళం తీశాక ఏముంటుంది? కింది మెట్టు నుంచి లెక్క చెబుతాను. ఐటీఎఫ్ అనే అంతర్జాతీయ సమాఖ్య నడిపే చిన్న టోర్నీలు. వాటి పేర్లే డబ్ల్యూ 15, డబ్ల్యూ 35, డబ్ల్యూ 50, డబ్ల్యూ 75, డబ్ల్యూ 100. ఆ అంకె సింగిల్స్ విజేతకి దక్కే ర్యాంకింగ్ పాయింట్లు. డబ్ల్యూ 15లో బహుమతి సొమ్ము మొత్తం పదిహేను వేల డాలర్లు. సింగిల్స్ వాళ్లూ డబుల్స్ వాళ్లూ కలిసి ఆ కుండలోంచే పంచుకోవాలి. విమానం, హోటలు, రాకెట్ తీగలు, కోచ్... ఈ ఖర్చులు తీసేస్తే మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకి మిగిలేదేమిటో మీరే ఊహించుకోండి. ఇవి దాటితే డబ్ల్యూటీఏ 125, 250, 500, 1000. ఆ పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు.

పైగా ర్యాంకు అంటే సంపాదించి బీరువాలో దాచుకునే నగ కాదు. గడిచిన యాభై రెండు వారాల పాయింట్లే లెక్కలో ఉంటాయి. కిందటేడు ఈ వారం గెలిచిన పాయింట్లు ఈ ఏడు ఇదే వారం జారిపోతాయి. మళ్లీ గెలవాలి. చీలమండ బెణికి రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు కూడా మంచమెక్కుతుంది.

ఇది చిన్న వేషాల కాలం. చిరంజీవి మొదట తెర మీద కనిపించింది 1978లో. 'ఖైదీ' వచ్చింది 1983లో. ఆ మధ్య ఐదేళ్లలో చిన్న వేషాలు, విలన్ వేషాలు, ఇద్దరు హీరోల్లో రెండోవాడి వేషాలు... ఏది దొరికితే అది. 1980లో ఎవరైనా ఆయన్ని నిలబెట్టి "ఎన్టీఆర్ పాతాళభైరవి చేసేశారు, మరి మీరో?" అని అడిగుంటే ఎంత అన్యాయం! ఇప్పుడు శ్రీవల్లిని మనం అడుగుతున్నది అదే.

అన్నట్టు సానియా కూడా ఈ మెట్లెక్కే వచ్చింది. ఐటీఎఫ్ టోర్నీల్లో ఆమె గెలిచిన సింగిల్స్ టైటిళ్లు పద్నాలుగు! ఎవరికి గుర్తున్నాయి? శతదినోత్సవం పోస్టర్లే గోడల మీద మిగులుతాయి గానీ, ఆడని సినిమాల పోస్టర్లు మిగలవు కదా!

పుణేలో ఆ వారం

2025 ఏప్రిల్. పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలు. ఆడవాళ్ల ప్రపంచ టీమ్ పోటీ ఇది. మనకిది ఫెడ్ కప్‌గా బాగా తెలుసు. న్యూజిలాండ్, థాయ్‌లాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, దక్షిణ కొరియా... వారంలో ఐదు దేశాలతో పోటీ. శ్రీవల్లికి అప్పటికి ఇరవై మూడేళ్లు. ప్రపంచ ర్యాంకుల్లో తొలి రెండొందల్లో లేదు. పేపర్లలో మొదటి పేజీకి ఎక్కిన మనిషీ కాదు.

ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది! ఒక్కటీ ఓడలేదు. మొదటి రోజు న్యూజిలాండ్ మీద జట్టు ఓడింది గానీ ఆమె ఓడలేదు. ఆఖరి రోజు కొరియా మీద 2-1తో గెలిచి, గ్రూపులో రెండో స్థానంతో భారత్ ప్లే ఆఫ్‌కి వెళ్లింది. మన దేశం ఆ దశకి చేరడం అది రెండోసారి మాత్రమే. మొదటిసారి 2020 మార్చిలో, దుబాయ్‌లో. ఆ జట్టులో ఎవరున్నారో తెలుసా? ఏడాదిన్నర బాబుని ఇంట్లో పెట్టుకుని మళ్లీ రాకెట్ పట్టిన సానియా!

చూశారా, పోల్చాల్సిన చోటు ఇది. ఒకరు దేశాన్ని ఒక గుమ్మం దాకా తీసుకెళ్లారు. ఐదేళ్ల తర్వాత ఇంకొకరు మళ్లీ అదే గుమ్మం దాకా తీసుకెళ్లారు. ఆ నవంబరులో బెంగళూరులో స్లొవేనియా, నెదర్లాండ్స్ జట్ల మీద ప్లే ఆఫ్ ఆడి రెండూ ఓడిపోయాం. గుమ్మం దాటలేదు. దాటకపోయినా గుమ్మం ఎక్కడుందో మనవాళ్లకి తెలిసింది.

ఆటలో ఇద్దరికీ పోలికే లేదు. సానియాకి ఫోర్‌హ్యాండ్ బ్రహ్మాస్త్రం, సర్వీసు బలహీనం. శ్రీవల్లి పొడగరి, సర్వీసే ఆమె బలం. ఒకరు ఎన్టీఆర్ డైలాగు, ఒకరు ఏఎన్నార్ అడుగు. ఏది గొప్పంటే ఏం చెబుతాం?

శ్రీవల్లి ఒక్కతే అనుకోకండి. యామలపల్లి సహజ మన తెలుగమ్మాయే. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడుతూ చదువుకుంది. 2025లో మెక్సికోలో ఒకప్పటి యు.ఎస్. ఓపెన్ చాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ని ఓడించింది. అంతకుముందు ప్రాంజల యడ్లపల్లి. జూనియర్స్‌లో ప్రపంచంలో తొలి ఇరవై మందిలోకి వెళ్లిన అమ్మాయి. ఆమె దారికి గాయాలు అడ్డం పడ్డాయి. వీళ్లందరి పేర్ల ముందూ ఎవరో ఒకరు ఏదో ఒక రోజు తగిలించిన తోక ఒకటే... "మరో సానియా".

ఫ్రేము కట్టిన కాగితం

ఇక నా కథ.

పదేళ్లకి పైనే అయింది. అప్పుడు నేను కొత్తగా రాస్తున్నాను. రాష్ట్రస్థాయి అండర్-14 పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చిన ఒక పదమూడేళ్ల అమ్మాయి గురించి రాశాను. పేరు చెప్పను. వాళ్లుండేది అమీర్‌పేటకి దగ్గర్లోనే. హెడ్డింగ్ ఏం పెట్టానో మీరు ఊహించే ఉంటారు. "మరో సానియా వస్తోంది!" ఆశ్చర్యార్థకంతో సహా.

ఈ మధ్య అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ దిగుతుంటే వెనకనుంచి పిలుపు.

"అన్నా, గుర్తుపట్టిన్రా?"

పట్టలేదు. పేరు చెప్పాక పట్టాను. మెడలో కంపెనీ కార్డు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదిహేడేళ్లకే పోటీలు మానేసిందట. కిందికి దిగి టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం.

"మీరు రాసింది మా డాడీ ఫ్రేము కట్టించిన్రు అన్నా. హాల్లో టీవీ మీద పెట్టిన్రు. ఓడిపోయి ఇంటికొచ్చినప్పుడల్లా ముందు అదే కనబడేది."

నాకు దోసె ముక్క గొంతు దిగలేదు.

"తప్పు చేశానేమో" అన్నాను.

"మీదేం తప్పు లేదన్నా, మంచిగనే రాసిన్రు. చుట్టాలు, టీచర్లు, అందరూ ఒకటే అడిగేటోళ్లు. సానియా అంత ఎప్పుడైతవు, సానియా అంత ఎప్పుడైతవు అని. కిందటి నెల కంటే నా బ్యాక్‌హ్యాండ్ బాగైందా అని ఒక్కరన్నా అడగలే."

ఆ మాట అని నవ్వేసింది. ఆదివారాలు ఇప్పటికీ ఆడుతుందట. "ఇప్పుడే మజా వస్తోందన్నా" అంది. మెట్రో వేళైందని వెళ్లిపోయింది.

నేను ఆ రాత్రి పాత ఫైలు తీసి ఆ వ్యాసం చదివాను. నాలుగు వందల మాటల్లో సానియా పేరు తొమ్మిది సార్లుంది. ఆ పిల్ల పేరు మూడు సార్లు!

ఏ సానియా?

అసలు "మరో సానియా" అంటే ఏ సానియా? 2003లో మొదటి రౌండ్‌లో ఓడిన సానియానా? 2005లో గెలిచిన సానియానా? 2008లో మణికట్టుకి ఆపరేషన్ అయిన సానియానా? ఆ మణికట్టుతో సింగిల్స్ ఇక సాగదని తెలుసుకుని, డబుల్స్ వైపు తిరిగిన సానియానా? 2015 ఏప్రిల్లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయి, మొత్తం 91 వారాలు ఆ కుర్చీలో కూర్చున్న సానియానా? డబుల్స్, మిక్స్‌డ్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన సానియానా? 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో మొదటి రౌండ్‌లో ఓడి ఆట మానేసిన సానియానా?

పద్దెనిమిదేళ్ల సానియాని అడిగితే "నేను డబుల్స్ రాణినవుతాను" అని చెప్పేదా? ఆ దారి ఆమెకే తెలీదు. పూర్తయిన సినిమాని, ఇంకా షూటింగ్‌లో ఉన్న సినిమానీ పక్కపక్కన పెట్టి మార్కులు వేస్తున్నాం మనం!

2023 మార్చి 5న ఎల్బీ స్టేడియంలో సానియా వీడ్కోలు మ్యాచ్ ఆడింది. మొదలుపెట్టిన ఊళ్లోనే ముగింపు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి అసెంబ్లీ స్టేషన్లో దిగొచ్చు. అక్కణ్ణుంచి ఆ స్టేడియం నడిచే దూరమే. ఖైరతాబాద్‌లో సానియా చదివిన నాసర్ స్కూలు దారిలోనే తగులుతుంది. టికెట్టుకి నాలుగు డబ్బులు ఖర్చు. ఒక చాంపియన్ బాల్యం మొత్తం ఆ నాలుగైదు స్టేషన్ల మధ్య ఇమిడిపోయింది! ఇంకో అమ్మాయికి కావలసింది కూడా అదే. ఇంటి దగ్గర ఒక పెద్ద టోర్నీ. ఓడిపోయినా మళ్లీ ఏడు పిలిచే టోర్నీ.

టోర్నీ పెట్టడం మీ చేతిలో, నా చేతిలో లేదు. చూడ్డం ఉంది కదా! మన దేశంలో జరిగే ఈ చిన్న టోర్నీల్లో చాలావాటికి టికెట్ కూడా ఉండదు. గ్యాలరీలో నలుగురుంటారు. అందులో ముగ్గురు ఆడేవాళ్ల అమ్మానాన్నలు. మొదటి రోజు మొదటి ఆట కోసం తెల్లవారుజామున థియేటర్ దగ్గర క్యూ కట్టే మనం, ఒక్క ఉదయం అక్కడ ఐదో మనిషిగా కూర్చోలేమా?

మళ్లీ మొన్న మైత్రీవనం సందులోకి వెళ్లాను. ఆ స్టెప్పు కుర్రాడే కనబడ్డాడు. నన్ను చూడగానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అన్నా, మీ శ్రీవల్లి వీడియో చూసినన్నా!"

"ఎలా ఉంది?"

"సర్వీస్ మామూలుగ లేదన్నా!" అంటూ చెయ్యి పైకెత్తి, లేని బంతిని లేని రాకెట్‌తో బలంగా కొట్టాడు. పక్కవాడి చాయ్ ఒలికిపోయింది.

సానియా పేరు మాత్రం ఎత్తలేదు!